వీడియోలో డాక్టరు సరే, మాత్రలేవి?

"ఇంట్లో కూర్చునే డాక్టరుతో మాట్లాడొచ్చు" అని టెలీమెడిసిన్ గురించి తెగ ఊదరగొడుతున్నారు. ఎవరింట్లో కూర్చుని? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న ఆడవాళ్లు 21 శాతం. మగవాళ్లు దాదాపు 49. అదీ 15 నుంచి 49 ఏళ్ల వాళ్లని అడిగితే. బీపీ, షుగరు మాత్రలు మింగే ముసలమ్మలు ఆ లెక్కలోనే లేరు.

సర్కారు టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో రెండు దారులున్నాయి. లాక్‌డౌన్‌లో, 2020 ఏప్రిల్‌లో తెచ్చిన ఓపీడీలో రోగే తన ఫోన్లోంచి డాక్టరుతో మాట్లాడుకోవాలి. అంతకుముందే, 2019 నవంబరులో మొదలైన దాంట్లో ఊరి హెల్త్ సెంటర్‌లోని నర్సమ్మ పట్నంలోని డాక్టరుకు వీడియో కలిపి, రోగి పక్కనే కూర్చుంటుంది. నా ఓటు ఈ రెండోదానికే.

మా అత్తయ్యకు బొటనవేలి దగ్గర పుండు ఎంతకీ మానకపోతే సెంటర్‌కి తీసుకెళ్లా. ట్యాబ్‌లో డాక్టరు కనబడగానే ఈవిడ మనవరాలి పెళ్లి కబుర్లు ఎత్తుకుంది. పుండు ఊసే లేదు! నర్సమ్మే చెప్పు విప్పించి, కాలు స్టూలు మీద పెట్టించి, ట్యాబ్ వంచి చూపించింది. "చుట్టూ నొక్కి చూడండమ్మా, చీమొస్తోందా?" అని అటునుంచి డాక్టరు అడగడం, ఇటు ఈమె నొక్కి చూడడం. వేలు గుచ్చి షుగరెంతుందో చెప్పిందీ ఈమే. మా అత్తయ్య చేతికి ఫోనిచ్చి వదిలేస్తే పెళ్లి భోజనాల దగ్గరే కాల్ అయిపోయేది.

ఇంతా అయ్యాక డాక్టరు మందులు రాశారు. సెంటర్‌లో మెట్‌ఫార్మిన్ లేదు. ఏ అరుదైన మందో కాదు, షుగరుకి చాలామందికి ముందు రాసేదే! "మందులు పంపమని ఇండెంట్ పెట్టామండీ, ఇంకా రాలేదు" అంది పాపం. ఆమెననేం లాభం? ఆటో కట్టించుకుని మండల కేంద్రంలోని మెడికల్ షాపుకి పోయాం. కూలికెళ్లే మనిషైతే ఆ పూట కూలి కూడా పోయినట్టే. పైవాళ్ల లెక్కలో మాత్రం మా కాల్ సక్సెస్!

కొండ ఊళ్ల సంగతి ఇంకా దారుణం. నిబంధనల ప్రకారం మైదానంలో 5000 మందికి, కొండల్లో 3000 మందికి ఓ సబ్‌సెంటర్. పాడేరు వైపు 3000 మందంటే ఎన్ని గూడేలు, మధ్యలో ఎన్ని వాగులు! గర్భిణిని డోలీలో మోసుకొచ్చే చోట వీడియో డాక్టరు ఏం చేస్తాడు? అక్కడ పురుడు పోయడానికి మనిషి కావాలి. వీడియో ఉందిగా అని పీహెచ్‌సీలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంచితే మాత్రం గట్టిగా అడగాల్సిందే.

రోజుకెన్ని కాల్స్ అయ్యాయో లెక్కేసుకుంటున్నారు కదా, దాని పక్కనే ఇంకో గడి పెట్టండి: రాసిన మందు ఆ రోజే రోగి చేతికిచ్చారా, లేదా? కొత్త సాఫ్ట్‌వేరూ, కన్సల్టెంట్లూ ఏమీ అక్కర్లేదు. నర్సమ్మ టేబుల్ మీదున్న స్టాక్ రిజిస్టర్ తెరిస్తే చాలు.