నీళ్లు తాగిన బండి సంగతి ఎవరు చెబుతారు?

సెకండ్ హ్యాండ్ కారు బేరానికి వెళ్లినవాళ్లు ముందుగా సీటు బెల్టును చివరిదాకా లాగి చూడాలి. రోజూ మనం లాగేది రెండు మూరలే. మిగతాది డోరు పక్క స్తంభం లోపల చుట్టుకునే ఉంటుంది. కారు నీట మునిగితే ఆ లోపలి చుట్టకు పట్టిన ఒండ్రు గీత అంత తేలిగ్గా పోదు. అమ్మేవాళ్లు సీటు కవర్లు మారుస్తారు, కొత్త కార్పెట్ వేయిస్తారు, మంచి వాసన వచ్చే డబ్బా ఒకటి డాష్‌బోర్డు మీద పెడతారు. బెల్టు సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

ఈ చిట్కా మన గోదావరి డెల్టాకు ఎక్కువ అవసరం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు కోనసీమ లంకల్లో మేడ మీదికి మనుషులు ఎక్కగలిగారు గానీ కార్లు ఎక్కలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. గోదారి, బుడమేరు దాకా ఎందుకు, అల్పపీడనం రెండు రోజులు కదలకుండా కూర్చుంటే చాలు, యనమదుర్రు డ్రెయినో ఎర్రకాలువో మన వాకిట్లోకి వస్తాయి. ఆ కార్లన్నీ ఏమయ్యాయి? కొన్ని తుక్కుకు పోయాయి. కొన్ని బాగుపడి సొంతదారుల దగ్గరే తిరుగుతున్నాయి. మిగిలినవి ఎక్కడో ఒకచోట అమ్ముడుపోయే ఉంటాయి. విజయవాడ నుంచి భీమవరం రెండు మూడు గంటల దారి. అక్కడ మునిగిన బండి ఇక్కడ ‘నీట్ కండిషన్’ బోర్డు పెట్టుకుని నిలబడటం పెద్ద కష్టం కాదు.

మునిగిన కారు బయటికి బాగానే కనిపిస్తుంది, అసలు తంటా అదే. గాలి పీల్చుకునే గొట్టంలోంచి ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లాయనుకోండి, గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కడం పిస్టన్ వల్ల కాదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఆ దెబ్బ వెంటనే తెలుస్తుంది, కాబట్టి ఒకరకంగా నిజాయితీ గల దెబ్బ. వైరింగ్‌కు తగిలేది అలాంటిది కాదు. కనెక్టర్లకు పచ్చగా చిలుము పడుతుంది. ఆరు నెలలకు పవర్ విండో ఆగుతుంది, ఏడాదికి ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఒక రాత్రి కాలువ గట్టు మీద హెడ్‌లైట్లు ఆరిపోతాయి. ఎక్కడ తేడా కొడుతోందో మెకానిక్‌కూ అంతుపట్టదు. మన తీరం వైపు నీళ్లలో ఉప్పు కూడా ఉంటుంది. రొయ్యల చెరువులు, సముద్రపు పోటు కలిసిన నీటిలో ఒక్క పూట నిలబడిన బండి మంచినీళ్లలో నానినదానికంటే త్వరగా తుప్పు పడుతుంది. నర్సాపురం, అంతర్వేది వైపు కార్లకు వరద రాకపోయినా ఉప్పుగాలి చాలు, సైలెన్సరూ కింది రేకూ తినేస్తుంది.

మనం గేదెను కొనాలంటే పళ్లు పట్టి చూస్తాం, రెండు పూటలా దగ్గరుండి పాలు పితికిస్తాం, అయినా అనుమానం తీరక పక్క ఊరి బావమరిదిని తీసుకెళ్తాం. అదే మనిషి నాలుగు లక్షలు పెట్టి కారు కొనేటప్పుడు బ్రోకరు మాట నమ్మేస్తాడు. ‘డాక్టరుగారి బండండి, ఆస్పత్రికీ ఇంటికీ తప్ప తిరగలేదండి’ అంటే తలూపుతాడు. గోదావరి జిల్లాల్లో డాక్టర్ల కంటే డాక్టరుగారి బండ్లే ఎక్కువ ఉన్నట్టున్నాయి. ‘ఎప్పుడైనా నీళ్లలో మునిగిందా’ అని అడిగితే ‘ఆయ్, చుక్క తడి తగల్లేదండి’ అని జవాబు వస్తుంది. ఆ మాట తప్పని తేలితే నిలదీయడానికి కాగితం ఏదీ ఉండదు.

ఆ కాగితం లేకపోవడం వ్యవస్థ లోపం, కొనేవాడి అమాయకత్వం ఒక్కటే కాదు. ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థ పేరు, అన్నీ ఉంటాయి. ఈ బండి వరదలో మునిగింది, బీమా కంపెనీ దీన్ని పూర్తి నష్టంగా లెక్కగట్టింది అని చెప్పే గడి మాత్రం లేదు. వాహనం ఇక వాడటానికి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతూనే ఉంది. కానీ పూర్తి నష్టం కింద పరిహారం ఇచ్చిన బండిని వేలంలో ఎవరో కొంటారు, షెడ్డులో తిరిగి బతికిస్తారు. రిజిస్ట్రేషన్ రద్దు కాకపోతే అది మళ్లీ మామూలు కారే. బీమా కంపెనీ దగ్గర ఉన్న ఈ సమాచారం రవాణా శాఖ రికార్డులోకి తప్పనిసరిగా చేరాలన్నది మా మొదటి డిమాండు. నంబరు కొడితే బీమా గడువు చూపించే యాప్ ఈ ఒక్క ముక్క కూడా చూపించలేదా? ఒకప్పుడు ఏపీ 05 అంటే తూర్పు, ఏపీ 37 అంటే పశ్చిమ, ఏపీ 16 అంటే కృష్ణా అని బండి పుట్టిన ఊరైనా తెలిసేది. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక ఆ ఆనవాలూ పోయింది.

ఇక అమ్మకం జరిగిన తర్వాతి గొడవలు. ఇవి ఇంకా ఎక్కువమందిని ఏడిపిస్తున్నాయి. అమ్మినవాళ్లు పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30ల మీద సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా బ్రోకరుకిచ్చి, డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికి వస్తారు. బ్రోకరు ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్ముతారు. పేరు మార్పిడి ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే పేచీలో ఆ ఫారాలు గ్లవ్ బాక్సులోనే ఉండిపోతాయి. కొన్ని నెలలకు ఎక్కడో హైవే మీద స్పీడు చలానా పడి పాత యజమాని ఫోనుకు మెసేజ్ వస్తుంది. చలానాతో పోతే అదృష్టమే. ఆ బండి ఎవరినైనా గుద్ది, దానికి బీమా లేకపోతే? రికార్డుల్లో ఎవరి పేరుంటే వారే యజమాని, పరిహారం బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ కేసులోనూ కారు ఒకరి తర్వాత ఒకరి చేతులు మారింది, పేరు మాత్రం మొదటి ఆయనదే ఉండిపోయింది. ‘అమ్మేశాను మొర్రో’ అన్నా కోర్టు వినలేదు.

రాష్ట్రం లోపల అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలన్నది చట్టం. బీమా బదిలీకీ 14 రోజులే. ఎదుటివారికి జరిగే నష్టాన్ని కట్టే థర్డ్ పార్టీ భాగం దానంతట అదే కొత్త యజమానికి వర్తిస్తుంది గానీ సొంత బండికి జరిగే నష్టానికి అలా కాదు. పాలసీ పాత పేరు మీదే ఉంటే మీ చెట్టు కొబ్బరికాయ మీ కారు అద్దం మీదే పడినా క్లెయిము తిరగ్గొట్టే అవకాశం ఉంది. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో దక్కే రాయితీ, అంటే నో క్లెయిమ్ బోనస్, అమ్మినాయన వెంటే వెళ్లిపోతుంది, అది బండితో రాదు. లోను తీరిపోయిందని నోటితో చెబితే సరిపోదు. ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన ఎన్ఓసీ, ఆర్సీలో అప్పు పేరు తీయించే ఫారం 35 చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వాలి.

మన డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది, పీవై 04 నంబరు బండ్లు. యానాం మన మధ్యనే ఉన్నా పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పన్ను తేడా కోసం అక్కడ రిజిస్ట్రేషన్ చేయించి ఇక్కడ తిప్పుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది. మొదటి యజమానికి మిగిలిన ఆ డబ్బు రెండో యజమాని నెత్తిన పడుతుంది. పేరు మార్చుకోవాలంటే యానాం నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు వేయించాలి. హైదరాబాద్ బండ్లకూ ఇదే తతంగం. బేరంలో యాభై వేలు తగ్గిందని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

తక్కువ తిరిగిన బండి అంటే మంచిదేనన్న నమ్మకాన్నీ కాస్త పక్కన పెట్టాలి. పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు ఎంతోమంది గల్ఫ్‌లో ఉంటారు. వాళ్ల కార్లు షెడ్డులో ఏడాదికి పదకొండు నెలలు నిద్రపోతాయి. కోతలయ్యాక చేలోని ఎలుకలు ఇళ్ల మీదికి వచ్చి వైరింగ్ కొరికి పెడతాయి. బ్యాటరీ చస్తుంది, రబ్బరు బుష్‌లు గట్టిపడతాయి. టైరు అరగకపోయినా ముసలిదవుతుంది. దాని పక్కన నాలుగు అంకెలుంటాయి. 3219 అని ఉంటే 2019లో 32వ వారం తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైరుతో రెయిలింగ్ లేని కాలువ గట్టు మీద వాన రాత్రి వెళ్లడం తెలిసి చేసే పని కాదు. మీటర్ తిప్పారేమో చూడటానికీ టైరు తేదీ పనికొస్తుంది. పాతిక వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న బండికి అప్పుడే రెండో జత టైర్లెందుకో అడగండి. బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉందేమో చూడండి.

ధరలకూ పాత లెక్కలు చెబుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొత్త కారే కిందికి దిగినప్పుడు పాత కారు పాత ధర దగ్గరే భీష్మించుకుంటే ఒప్పుకోకండి.

మెకానిక్‌ల గురించి ఒక మాట. మన ఊళ్లలో చెవితో ఇంజిన్ రోగం చెప్పగలిగిన పనివాళ్లున్నారు. వాళ్లను తీసుకెళ్లి పావుగంట చూపిస్తే ఐదొందలో వెయ్యో ఇవ్వడానికి మనకు చేతులు రావు, ‘టీ తాగి వెళ్దువుగాని రా’ అంటాం. అలాంటప్పుడు ఆయనకు బ్రోకరు ఇచ్చే కమీషనే తియ్యగా ఉంటుంది. డబ్బిచ్చి తీసుకెళ్లండి, బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించండి. బేరానికి ముందు డాష్‌బోర్డులోని చెక్ ఇంజిన్ లైటు చెరిపేయడం నిమిషం పని కాబట్టి కనీసం పది కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి పెట్టించండి.

అయితే భారమంతా కొనేవాడి మీదే వేసి తప్పుకోవడం మాకు నచ్చదు. పాత వాహనాల వ్యాపారం చేసేవారు రవాణా శాఖ దగ్గర అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర నిబంధన అమల్లో ఉంది. ధ్రువపత్రం ఉన్న డీలరుకు కారు అప్పగించినప్పుడు ఆ సంగతి ఆన్‌లైన్‌లో నమోదవుతుంది, అక్కడి నుంచి బాధ్యత డీలరుదే. చలానాల బాధ, కేసుల టెన్షన్ సగం అక్కడే తీరుతుంది. కానీ రావులపాలెం నుంచి తాడేపల్లిగూడెం దాకా రోడ్డు పక్కన తోరణాలు కట్టి కార్లు నిలబెట్టిన స్థలాల్లో ఈ ధ్రువపత్రం ఎందరికి ఉందో మామూలు కొనుగోలుదారుకు తెలిసే దారి లేదు. పండక్కి ఊరొచ్చే చుట్టాల ముందు కొత్తగా కారు నిలపాలని సంక్రాంతికి ముందే బేరాలు జోరందుకుంటాయి. ఆ లోపు రవాణా శాఖ చేయాల్సింది పెద్ద పథకమేమీ కాదు. ధ్రువపత్రం ఉన్న డీలర్ల జాబితా ప్రతి ఆర్టీఓ కార్యాలయం గోడకు అంటించాలి. దానికి రెండు జెరాక్స్ కాగితాలు, కాస్త జిగురు చాలు.