సింహముద్ర ఉన్నా చెల్లదా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతపు సంతల్లో పది రూపాయల బిళ్ల చేతికిస్తే 'నోటు లేదా?' అని అడిగే దుకాణదారులు ఇంకా ఉన్నారు. మూడు సింహాల ముద్ర ఉన్న నాణేన్ని ఊరూ పేరూ లేని దేశపు డబ్బులా వెనక్కి నెట్టేస్తున్నారు. ఇది చిల్లర తగాదా అంటే మేము ఒప్పుకోం.

నాణేల రూపం మారడంతో అనుమానం పుట్టింది. పాతవాటిపై రూపాయి గుర్తు లేదు, 2011 నుంచి వచ్చినవాటిపై ఉంది. కొన్నింటిపై పది గీతలు, కొన్నింటిపై పదిహేను. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది. ఏ తేడా కనిపించినా దొంగదన్నారు. అప్పటికి విడుదలైన 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే స్పష్టం చేసింది. వెయ్యి రూపాయల వరకు చెల్లింపులకు ఈ నాణేలు చట్టబద్ధమని 2011 నాణేల చట్టం చెబుతోంది.

ఆ మాట కొండ మీదికి ఎవరు చేర్చారు? చింతపండు, పసుపు మోసుకొచ్చి అమ్ముకునే సవర గిరిజన మహిళకు షావుకారు బిళ్లలు అంటగడితే ఆమె కాదనలేదు. అవే బిళ్లలతో ఉప్పు, నూనె కొనబోతే పక్క దుకాణంలో తీసుకోరు. నాణెంపై ఉన్నవి హిందీ, ఇంగ్లిషు అక్షరాలే. చదివి వాదించే వీలు కూడా ఆమెకు లేదు. ఒక్క బిళ్ల చెల్లకపోయినా ఆమె మోసిన బరువులో కొంత వృథా అయినట్టే.

చిన్న దుకాణదారుడిని ఒక్కడినే నిందించడం కూడా సరికాదు. టోకు వర్తకుడు వద్దంటాడు, బ్యాంకు కౌంటరులో లెక్కపెట్టే తీరిక లేదంటారు. ఇక అతను ఎవరికిచ్చి మార్చుకోవాలి? నాణేలను ఖాతాదారుల నుంచి స్వీకరించాలని, మార్చి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు ఉన్నాయి. అందుకే మా వేలు ముందుగా బ్యాంకుల వైపే చూపుతోంది.

సంత రోజున బ్యాంకు సిబ్బంది సంచితో, లెక్క పుస్తకంతో అక్కడికే రావాలి. ఎవరు తెచ్చినా నాణేలు తీసుకుని అక్కడికక్కడే నోట్లు ఇవ్వాలి. పది మంది చూస్తుండగా బ్యాంకువారే బిళ్ల తీసుకుంటే దుకాణదారుడికీ ధైర్యం వస్తుంది. ఒడియా, తెలుగు, సవర భాషల్లో మైకులో చెప్పించాలి. పర్లాకిమిడికి ఆంధ్రలోని పాతపట్నం కూతవేటు దూరమే కనుక వదంతి రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. గజపతి, శ్రీకాకుళం జిల్లాల కలెక్టర్లు ఒకే రోజున, రెండు వైపులా ఈ పని మొదలుపెట్టించాలని కోరుతున్నాం.