రాగం గుర్తుపట్టారా? అయితే షో పోయినట్టే

డ్రమ్ కోర్ ఫీల్డ్ షోకి సంగీతం ఎంపిక చేసే కమిటీల సౌకర్యార్థం కొన్ని సూత్రాలు విన్నవించుకుంటున్నాం. వాటిలో మొదటిదీ ముఖ్యమైనదీ ఇది: షో చూసినవాడు కూనిరాగం తీసుకుంటూ ఇంటికి వెళ్లరాదు. వెళ్లాడంటే కమిటీ తన పని తాను చేయలేదన్నమాట.

ఈ ఆట తెలియనివారికి రెండు ముక్కలు. అమెరికాలో వేసవంతా బస్సుల్లో ఊరూరా తిరిగే ఈ కోర్‌లలో ఇత్తడి వాయిద్యాలు, తాళవాద్యాలు, జెండాలు తిప్పే కలర్‌గార్డ్ ఉంటాయి. ఫ్లూట్లు, క్లారినెట్లు ఉండవు. 22 ఏళ్లు దాటినవాళ్లకు చోటు లేదు. నూట యాభై మందికి పైగా కుర్రాళ్లు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో పరుగులు పెడుతూ పన్నెండు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా వాయిస్తారు. ఆగస్టులో ఇండియానాపోలిస్‌లో, ఈ పోటీలు నడిపే డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ (డీసీఐ) ఫైనల్స్. మార్కులు నూటికి: జనరల్ ఎఫెక్ట్‌కు, అంటే షో మొత్తంగా వేసే ముద్రకు 40, విజువల్‌కు, అంటే కంటికి కనిపించేదానికి 30, సంగీతానికి 30. ఆ ఎఫెక్ట్‌లో సగం సంగీతానిదే కదా అని ఎవరైనా వాదిస్తే, అటువంటివారిని కమిటీలోకి తీసుకోకండి.

ఇక మైదానం సంగతి. శబ్దం సెకనుకు సుమారు 1,130 అడుగులు వెళ్తుంది. వెనక గీత దగ్గరున్న ట్రంపెటర్‌కీ, ముందు గీత దగ్గర మరింబాల్లాంటి (చెక్క పలకల వాద్యాలు) కదలని తాళవాద్యాలు పెట్టుకున్న బృందానికీ, అంటే పిట్‌కీ మధ్య 50 గజాలుంటే, అతని స్వరం పిట్‌కు చేరేసరికి 0.13 సెకను గడుస్తుంది. నిమిషానికి 180 దెబ్బల (దెబ్బకో అంగ) వేగంలో ఒక దెబ్బ నిడివి 0.33 సెకను, అందులో పావు వంతు 0.08. అంటే ఇద్దరూ తాళం చూపించే డ్రమ్ మేజర్ చేతినే చూసి నిక్కచ్చిగా వాయించినా, స్టాండ్స్‌లో కూర్చున్నవాడికి వెనకవాడు పావు దెబ్బకు మించి ఆలస్యం. అందుకే వెనకవాళ్లు చేతిని చూస్తారు, పిట్ మాత్రం చేతిని నమ్మకుండా వెనక నుంచి వచ్చే డ్రమ్ములను విని వాయిస్తుంది. స్నేర్ డ్రమ్ముల వరుసను వీలైనంత మైదానం మధ్యలో ఉంచడం కూడా ఇందుకే. డ్రిల్ (ఎవరు ఎటు నడవాలన్న పటం) రాసేవాడు అందం కోసం స్నేర్లను ఒక మూలకు, ట్యూబాలను మరో మూలకు తోశాడా, ఆ రోజు రిహార్సల్‌లో ఒకే పాట రెండుసార్లు వినిపిస్తుంది.

దీన్నిబట్టి ఎలాంటి సంగీతం నప్పుతుందో చిన్నపిల్లాడైనా చెప్పగలడు. పొడుగాటి రాగం, నిదానంగా మారే కార్డులు (ఒకేసారి పలికే స్వరాల గుంపులు), కింద స్థిరమైన నడక. పైకప్పు ఉన్న స్టేడియంలో ఇది మరీ అవసరం. అక్కడ ప్రతి కార్డూ గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, తరవాతి కార్డు మీద కూర్చుంటుంది. ఊపిరి లెక్క కూడా ఉంది. ఐదు గజాలకు ఎనిమిది అంగల చొప్పున, అంటే ఇరవై రెండున్నర అంగుళాల అంగతో 180 వేగంలో నడిస్తే గంటకు ఆరు కిలోమీటర్లు. ఐదు గజాలకు ఆరు అంగలైతే ఎనిమిది కిలోమీటర్లు దాటుతుంది. అదీ నడుము పైభాగం కదలకుండా, ట్యూబా భుజాన మోస్తూ. ఈ స్థితిలో పదహారు దెబ్బల రాగాన్ని ఒక్కడే ఒక్క ఊపిరిలో లాగలేడు. పక్కపక్కవాళ్లు వేర్వేరు చోట్ల ఊపిరి తీసుకునేలా ముందే రాసుకోవాలి. నడిమధ్య నెమ్మది పాట పెట్టేది భావోద్వేగం కోసమని ప్రకటనల్లో రాస్తారు. నిజానికి పెదవులు చచ్చిపోయి ఉంటాయి, కలర్‌గార్డ్ జెండాలు మార్చుకోవాలి.

ఇటలీ స్వరకర్త రెస్పిగీ రాసిన 'పైన్స్ ఆఫ్ రోమ్' చివరి భాగం ఈ కొలతలకే కుట్టినట్టుంటుంది. కింద బాస్ ఒకే స్వరం మీద సైన్యంలా నడుస్తూనే ఉంటుంది, పైన ఇత్తడి పొరలు పొరలుగా పేరుకుంటుంది. శబ్దం పెరగడమే కథ. అరక్షణం ఆలస్యమైనా పెద్దగా చెడిపోయేది లేదు. స్టార్ ఆఫ్ ఇండియానా అనే కోర్ 1991లో దీన్ని వాయించి గెలిచింది. అంతకు మూడేళ్ల ముందు, 1988లో, మాడిసన్ స్కౌట్స్ అనే కోర్‌వాళ్లు క్యూబా స్వరకర్త లెకువోనా రాసిన 'మలగేన్యా'తో గెలిచారు. దాని పేరు చెబితే పాత అభిమానులు ఇప్పటికీ కుర్చీలోంచి లేస్తారు. ఇటువంటి ఉదాహరణలు కమిటీ మనసు చెడగొడతాయి కనుక సమావేశం మినిట్స్‌లో నమోదు చేయరాదు.

నమోదు చేయవలసింది 1993. అదే స్టార్ ఆ ఏడు స్వరకర్తలు బార్బర్ 'మెడియా', బార్టోక్ సంగీతం తీసుకుని కరకు స్వరాలతో మైదానంలోకి దిగింది. స్టాండ్స్‌లో కొందరు ఎగతాళిగా అరిచారు. ఫైనల్స్‌లో 97.3 వచ్చింది, క్యాడెట్స్ కోర్‌వాళ్లు 97.4తో గెలిచారు. ఆ షో మొదలు నుంచి చివరి దాకా ఒకే ఆలోచనగా అల్లినది. దాంట్లోంచి తరవాతివాళ్లు నేర్చుకున్నది కరకు స్వరం ఒక్కటే. అరుపులు తెచ్చుకుంటే ఛాంపియన్‌షిప్ పదో వంతు మార్కు దూరంలో ఉంటుందన్నది నేటి సిద్ధాంతం.

ఆచరణలో పద్ధతి ఇది. ఒక సింఫనీ నుంచి నాలుగు బార్లు (తాళపు గడులు), ఒక పాప్ పాట నుంచి ఆరు, జాజ్ పియానో ముక్క నుంచి రెండున్నర. అసలు స్వరస్థానం షార్పుల్లో (అరమెట్టు పెంచిన స్వరాలు) ఉంటే ఫ్లాట్లలోకి (అరమెట్టు తగ్గించినవి) దించాలి, ట్రంపెట్లూ ట్యూబాలూ బీ ఫ్లాట్‌లో, మెలోఫోన్లు ఎఫ్‌లో ఉంటాయి గనుక. వయొలిన్ల వడిని మరింబాలకు అప్పగించాలి. రాగం ఊపందుకోబోతోందన్న అనుమానం రాగానే అయిదు బాస్ డ్రమ్ములతో దాన్ని కోసేయాలి. టెక్సాస్‌లో హైస్కూల్ మార్చింగ్ బ్యాండులు కూడా ఈ కోర్‌లను చూసే షోలు కట్టుకుంటాయి. అక్కడ స్టాండ్స్‌లో మన తెలుగు తండ్రి "ఇంతకీ పాట ఎప్పుడు మొదలవుతుందిరా?" అంటే, పక్కన కూర్చున్న రెండోవాడు "అయిపోయింది నాన్నా" అంటాడు.

మైకులకు 2004లో, ఎలక్ట్రానిక్స్‌కు 2009లో అనుమతి వచ్చింది. కాబట్టి ఇప్పుడు రాగం చేయలేని పనిని ఒక గొంతు చేస్తుంది: "మనం... ఎవరం?" అని స్పీకర్లలో అడుగుతుంది. జవాబు సింథసైజర్ చెప్తుంది, సీటు కింద నేల కంపించేలా. ఆ కంపనలో ట్యూబాలు వాయిస్తున్నారో లేదో తెలియదు. వేసవంతా ఎండలో మాడిన ఆ కుర్రాళ్లకు అదొక్కటే ఊరట, ఊపిరి పీల్చుకోవచ్చు. షో పేరు ఒకే మాటలో ఉంటే మంచిది. దానికి అర్థం ఉందా అన్నది జడ్జిలతో చర్చల్లో తేలుతుంది.

ఆఖరున ఖర్చు. పైన్స్ 1924 నాటిది, ఇప్పుడు అమెరికాలో దానికి ఎవరినీ అడగక్కర్లేదు. అందువల్ల దాని జోలికి వెళ్లరాదు. హక్కులున్న సంగీతం తీసుకుంటే, కోర్‌కు తగ్గట్టు మార్చి రాయడానికి ముందే అనుమతి కొనాలి. వీడియోకి వేరే అనుమతి, అది రాకపోతే రికార్డింగులో ఆ చోట కుర్రాళ్లు మౌనంగా పరుగెత్తుతారు. నాలుగు బార్లేగా, తలకిందులు చేశాం, వేగం రెట్టించాం, సగం సింథసైజర్ మింగేసింది, ఇంకెవరు కనిపెడతారు అనుకుని ధైర్యం చేసే కమిటీలు ఉండొచ్చు. ప్రేక్షకుడు కనిపెట్టడు, నిజమే. జడ్జీ కనిపెట్టడు. హక్కులున్న కంపెనీ వకీలు మాత్రం మొదటి బార్‌లోనే పట్టేస్తాడు.