లోన్ వచ్చాక ఫోన్ ఎత్తేదెవరు?

అనంతపురంలో వానకి కరువు గానీ ట్రైనింగులకి కరువేం లేదు. హోటల్ హాల్లో రెండ్రోజుల వర్క్‌షాపు, బిజినెస్ ప్లాన్ ఎలా రాయాలో క్లాసు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం సర్టిఫికెట్లు పట్టుకుని గ్రూప్ ఫోటో. ఊరికి పనికొచ్చే యూనిట్ ఏదైనా పెట్టి నాలుగు రూపాయలు సంపాదిద్దామని వచ్చిన పిల్లలూ, డ్వాక్రా అక్కలూ ఆ ఫోటోతో ఇంటికెళ్తారు, అసలు తిప్పలు అక్కడ్నుంచే మొదలు, కానీ అప్పటికి సారు వాళ్లు ఇంకో హాల్లో ఇంకో బ్యాచ్‌కి క్లాసు చెప్తుంటారు.

కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో పది మంది ఆడవాళ్లు నడిపే కొర్రల యూనిట్ చూశాం. చుట్టుపక్కల రైతుల దగ్గర మండీ రేటు కన్నా కాస్త ఎక్కువిచ్చి కొంటారు. గోడకి నాలుగు సర్టిఫికెట్లు ఫ్రేము కట్టి ఉన్నాయి, దాని కిందే వెనక్కొచ్చిన బస్తాలు. పొట్టు తీసే మిషన్లో గింజ సగం నూకైపోతోంది, ప్యాక్ చేసింది నెల తిరక్కుండానే ముక్కిన వాసన వస్తోందని బెంగళూరు షాపాయన సరుకు తిప్పి పంపాడు, అంతకుముందు తీసుకున్నదానికి డబ్బులూ ఇవ్వలేదు. లోను ఇప్పించినవాళ్ల సంగతి అడిగితే, "లోను వచ్చేదాకా దినామూ ఫోన్ చేస్తాండిరి సార్, ఇప్పుడు మేం చేస్తే ఎత్తరు" అందొకామె. చిన్న యూనిట్‌కి 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నుంచీ చట్టం ఉందని, చిన్న వ్యాపారాలకి ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే ఆన్‌లైన్లో కంప్లయింట్ పెట్టొచ్చని వాళ్లకి ఒక్కరూ చెప్పలేదు. పీపీటీలో ఆ స్లైడ్ లేదేమో!

రూల్స్ చూస్తే తప్పెక్కడుందో కొంత అర్థమవుతుంది. ఆహార యూనిట్లకి 35 శాతం సబ్సిడీ ఇచ్చే కేంద్రం స్కీము 2020లో వచ్చింది కదా, అందులో దరఖాస్తుదారుకి సాయం చేసే రిసోర్స్ పర్సన్‌కి లోన్ లెక్కన డబ్బులిస్తారు, సగం లోన్ శాంక్షన్ అవగానే, మిగతా సగం రిజిస్ట్రేషన్లూ ట్రైనింగూ అయ్యాక. సరుకు అమ్ముడైందా, ఏడాది తర్వాత షట్టర్ తెరిచే ఉందా అన్నది ఆ లెక్కలోకే రాదు. మనిషి డబ్బు ఎక్కడ ఆగితే అక్కడే ఆగుతాడు, ఆయన్ని అని లాభమేముంది.

ఇంతకన్నా మంచి పద్ధతి మనకి తెలియంది కాదు. 1982లో కర్ణాటక ఉజిరెలో నిరుద్యోగ యువతకి స్వయం ఉపాధి నేర్పడానికి మొదలైన రుడ్‌సెట్‌ని చూసే తర్వాత బ్యాంకుల చేత జిల్లాకో ట్రైనింగ్ కేంద్రం (ఆర్‌సెటీ) పెట్టించారు, ట్రైనింగ్ ఫ్రీ, తిండీ వసతీ ఫ్రీ, ఆ తర్వాత రెండేళ్లు వెంట ఉండి చూసుకోవాలని రూల్లోనే ఉంది. ఆ రెండేళ్లూ నెలకోసారి ఫోన్ చేసి "బాగుందామ్మా" అని రిజిస్టర్లో టిక్ పెట్టడంతో సరిపెడితే కుదరదు, మనిషి షెడ్డుకి రావాలి. ఇలాంటివి నిలబడ్డానికి ఏళ్లు పడతాయి, చెన్నేకొత్తపల్లి దగ్గర రైతులతో పనిచేసే టింబక్టు కలెక్టివ్‌నే తీసుకోండి, 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైంది, సేంద్రియ రైతుల ధరణి సహకార సంఘం రిజిస్టర్ అయ్యేసరికి 2008. పద్దెనిమిదేళ్లు. మనం మాత్రం మూడు నెలల కోర్సయ్యాక రిజల్ట్ ఏదీ అంటున్నాం.

ఇప్పుడు కొత్త వ్యాపారాలకి సాయం చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కింద అనంతపురానికీ ఒక కేంద్రం వచ్చింది, సంతోషం. అయితే యాప్‌లు, ఇంగ్లీషు పిచ్‌లు, హైదరాబాద్ నుంచి జూమ్‌లో మాట్లాడే మెంటర్లు ఇంతేనా అన్నది మా భయం. మెంటర్‌కిచ్చే ఫీజులో కనీసం సగం రెండేళ్లు ఆపి, యూనిట్ నడుస్తుంటేనే ఇవ్వండి. లెక్కలు చూడ్డానికి రిటైరైన బ్యాంకు మేనేజర్లని, రేటు మాట్లాడ్డానికి మండీ వ్యాపారుల్ని పిలవండి, వాళ్లకి పీపీటీ రాకపోయినా పర్లేదు.

అన్నట్టు ఆ కొర్రల మిషన్ ఇప్పుడు బాగానే ఆడుతోంది. పక్కూళ్లో బియ్యం మిల్లులో పనిచేసి మానేసిన ఒక పెద్దాయన వచ్చి స్పీడు తగ్గించి, గింజ ఇంకో రెండెండలు ఆరనిచ్చి వెయ్యండమ్మా అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయాడట, అరగంట పని. హబ్ వాళ్లు మెంటర్ల లిస్టు రాసేటప్పుడు అడిగితే ఆయన నంబర్ మేమిస్తాం.