స్పీడ్ తగ్గితే చిప్ పాడైనట్టు కాదు

“ల్యాప్‌టాప్ చిప్ స్పీడ్ 2.6 గిగాహెర్ట్జ్ అని చెప్పి అమ్మారు, చూస్తే 0.8 దగ్గరే ఉంటోంది, మోసపోయాను” అని ఒక తమ్ముడు బాధపడ్డాడు. మోసం కాదు తమ్ముడూ. పని లేనప్పుడు ప్రాసెసర్ (అంటే ఆ చిప్పే) తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. ఇంటెల్ 2000లోనే ల్యాప్‌టాప్ పెంటియం 3లో స్పీడ్‌స్టెప్ పేరుతో ఇలాంటిది తెచ్చింది. స్పీడ్ తగ్గితే వోల్టేజీ కూడా తగ్గించొచ్చు, అసలు ఆదా అక్కడే. పనిలో ఖర్చయ్యే పవర్ స్పీడ్‌నీ, వోల్టేజీ వర్గాన్నీ బట్టి ఉంటుంది కాబట్టి, రెండూ 10 శాతం తగ్గితే ఖర్చు దాదాపు 27 శాతం పడిపోతుంది. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెద్ద ఫోల్డర్ ఒకటి జిప్ చేసి చూడు, అందులో స్పీడ్ అంకె వెంటనే పైకి లేస్తుంది. లేవకపోతే సెట్టింగ్స్‌లో పవర్ మోడ్ చూసుకో. మన నల్లగొండ ఎండల్లో వేడికి స్పీడ్ పడిపోవడం మాత్రం వేరే సంగతి. పరుపు మీద పెట్టి వాడకు, ఫ్యాన్‌లో దుమ్ము తీయించు.