త్రీడీ ఫిల్టర్ గారికి ఒక టూడీ ప్రేక్షకుడు రాసుకున్న లేఖ

మహారాజశ్రీ త్రీడీ ఫిల్టర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. నిన్న సాయంత్రం షోలో తమరు ప్రొజెక్టర్ లెన్స్ ముందు తిష్ఠ వేసుకుని క్షేమంగా ఉన్నారని తెలిసి చాలా సంతోషించాను. నేను కొన్నది టూడీ టికెట్. కళ్ళజోడు వాళ్ళు ఇవ్వలేదు, నేను అడగలేదు. ముందు నడిచిన త్రీడీ షో అవగానే మిమ్మల్ని పక్కకి జరపాల్సిన వాళ్ళు మర్చిపోయారు, పాపం మీరూ గుర్తు చేయలేదు.

తమరి గొప్పతనం తెలియక కాదు. ఎడమ కంటి బొమ్మనీ కుడి కంటి బొమ్మనీ విడదీయాలంటే వెలుగుని పోలరైజ్ చేయాలి, అంటే దాని కంపనాలని ఒక్కో కంటికి ఒక్కో తీరున మళ్ళించాలి, ఆ పనిలో సగానికి పైగా వెలుగు మీ పొట్టలోకే పోతుంది. త్రీడీలో అది మీ కూలి, కాదనను. టూడీలో ఏం పని చేశారని తిన్నారు? అసలు తెర మీద ఉండాల్సిన వెలుగే, దాని కొలతలో చెప్పాలంటే, 14 ఫుట్ లాంబర్ట్‌లు, అంటే చదరపు మీటరుకి 48 క్యాండెలాలు. జేబులో ఫోను అంతకి ఎన్నో రెట్లు వెలుగుతుంది. ఆ కాస్త వెలుగులో కూడా ప్రొజెక్టర్‌లోని ముసలి జినాన్ దీపం ముందే కోత పెట్టేసింది (గంటలు గడిచే కొద్దీ అవి మసకబారతాయి, మార్చాల్సిన వాళ్ళేమో ఇంకో వారం లాగుదాంలే అంటారు), మిగిలినదాంట్లో మీ వాటా, ఆపైన ఏమన్నా మిగిలితే మాకు.

ఒక రాత్రి సీన్ వచ్చింది. చీకటి గదిలో ఒకామె అగ్గిపుల్ల గీసింది. పుల్ల కొన మీద నారింజ చుక్క కనపడింది, ఆమె కనపడలేదు. తర్వాత ఏదో పెనుగులాట, ఒక కేక, దబ్బున ఎవరో పడ్డ చప్పుడు. "ఎవరు పోయారు?" అని మా ఆవిడని అడిగాను. "ఎవరెవరు ఉన్నారో తెలిస్తే కదా చెప్పడానికి" అంది. హాలు మొత్తంలో బాగా వెలుగుతున్నది ఎగ్జిట్ బోర్డు ఒక్కటే, పాపం అది మొదటి నుంచీ సలహా ఇస్తూనే ఉంది.

లేచి బయటికెళ్ళి చెప్పాను. అక్కడున్న కుర్రాడు లోపలికి తొంగి చూసి, "సినిమానే అలా తీశారండీ" అన్నాడు.

అలా తీశారా? కెమెరామన్ ఆ గదిలో ఒక్కో లైటూ జరుపుకుంటూ, ఆ తర్వాత రంగులూ వెలుగులూ సరిదిద్దే కలరిస్ట్ చీకట్లో కూర్చుని ఆమె ముఖంలో ఎంత కనపడాలి, ఎంత దాగాలి అని షాటు షాటూ తూచుకుంటూ వాళ్ళ కళ్ళు కాయలు కాయించుకుంటే, నువ్వు ఒక గాజు ముక్కవి అడ్డంగా నిలబడి మింగేసి, నింద వాళ్ళ మీద వేయిస్తావా? నీకు గారు ఒకటి తక్కువ. ఇంటికెళ్ళిన వాళ్ళందరూ "సినిమా మరీ చీకటిగా తీశాడు" అనే చెప్పుకుంటారు, నీ పేరు ఒక్కడి నోట రాదు.

బొమ్మ అంచుల దాకా తెరని కప్పాల్సిన నల్ల మాస్కింగ్ తెరలు జరపకుండా పైనా కిందా వదిలేసిన బూడిద రంగు పట్టీల సంగతి ఎత్తను. ఎవడో ట్రైలర్ల మోతకి గొడవ చేశాడని 7 మీద ఉండాల్సిన సౌండ్‌ని 4కి దించేసి, గుసగుసలన్నీ ఏసీ హోరులో కలిపేసిన సంగతీ ఎత్తను. ఇంట్లోనే చూసుకుందామంటే అక్కడ టీవీ సెట్టింగుల్లో నీ తమ్ముడు మోషన్ స్మూతింగ్ ఉన్నాడు, సెకనుకి 24 ఫ్రేముల సినిమాలో లేని ఫ్రేములు ఇరికించి సీరియల్‌లా చేసి పెడతాడు. వాణ్ణి ఆపేయండి బాబూ అని 2018లో టామ్ క్రూజ్ అంతటివాడు వీడియో పెట్టి చెప్పాల్సొచ్చింది. అయినా వాడు నీకన్నా నయం, వాడి పీక నొక్కే రిమోట్ నా చేతిలో ఉంటుంది. నువ్వేమో పైన అద్దాల గదిలో ఉంటావు, ఆ గదిలో మనిషే ఉండడు.

మూడోసారి వెళ్ళి అడిగాక ఎవరో పైకెక్కి నిన్ను పక్కకి నెట్టారు. తెర ఒక్కసారి కళ్ళు తెరిచినట్టయింది. హాలంతా "ఆఁ" అంది. నల్లదనుకున్న చొక్కా ముదురాకుపచ్చ అని, ఆమె నుదుటి మీద చెమట పట్టి ఉందని అప్పుడు తెలిసింది. ఇంత బాగా తీశారు, చూడు. అప్పటికి సినిమా ఇంకో పావుగంట ఉంది.

ఆ పావుగంటలో ఎవరు కనపడలేదో లెక్కేసుకుని, ఇందాక పోయిందెవరో నేనూ మా ఆవిడా తేల్చుకున్నాం.

ఇట్లు,
ఎఫ్ వరుస, 11వ సీటు