తుఫానుకూ సెర్న్ యంత్రానికీ ముడిపెడుతున్న ఆ ఫార్వర్డుకు జవాబు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ప్రతి తుఫాను సీజనుకూ తేదీ మార్చుకుని తిరిగి వస్తోంది. దాని సారాంశం ఇది. స్విట్జర్లాండ్‌లో భూమి అడుగున సెర్న్ అనే యూరప్ కణ పరిశోధన సంస్థ వాళ్లు ఒక పెద్ద యంత్రం నడుపుతున్నారు. దాన్ని ఆన్ చేసినప్పుడల్లా మన తీరానికి తుఫానో, ఇంకెక్కడో భూకంపమో వస్తోంది. అందులో పుట్టే కృష్ణబిలం ఒకరోజు భూమిని మింగేస్తుంది. దైవకణం దొరికింది కాబట్టి ఇక వేరే లోకానికి తలుపు తీస్తారు, నటరాజ విగ్రహం పెట్టింది అందుకే. ఇదంతా శాస్త్రవేత్తలకు తెలుసు, చెప్పరు.

ఇది చదివి భయపడినవాళ్లను మేము తప్పుపట్టం. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. అంత నష్టం చూసినవాళ్లు కారణం వెతుక్కుంటారు. కానీ తప్పుడు కారణం కూడా ప్రాణం తీస్తుంది. 2008 సెప్టెంబరులో ఈ యంత్రం మొదలైనప్పుడు టీవీల్లో ప్రళయం చర్చలు చూసి మధ్యప్రదేశ్‌లో ఒక బాలిక ఆత్మహత్య చేసుకుందని వార్తలు వచ్చాయి. అందుకే ఏ మాటనూ నవ్వి వదిలేయకుండా జవాబు రాస్తున్నాం.

"యంత్రం ఆన్ చేసినప్పుడల్లా తుఫాను వస్తోంది."

తేదీలు చూద్దాం. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ సరిగ్గా ఏడాది తర్వాత, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర దాటి మన కొండల మీద కురిసింది. ఆ రెండుసార్లూ యంత్రం ఆగి ఉంది. ఎల్‌హెచ్‌సీ అనే ఈ కొలైడర్‌ను, అంటే ప్రోటాన్లను వలయంలో తిప్పి ఢీకొట్టించే యంత్రాన్ని, 2013 ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం ఆపారు. అతి చల్లగా ఉంచే అయస్కాంతాలను మామూలు వేడికి తెచ్చి, వాటి మధ్య ఉన్న 10,000కు పైగా కరెంటు అతుకులను బలపరిచారు. మళ్లీ ప్రోటాన్లు తిరిగింది 2015 ఏప్రిల్ 5న. ఇక 2019 మే 3న పూరీ దగ్గర ఫొని దాటింది. అప్పటికి యంత్రం రెండో దీర్ఘ విరామంలో ఉంది. 2018 డిసెంబరులో ఆగి, 2022 ఏప్రిల్‌లోనే మళ్లీ కదిలింది.

తిత్లీ మాటేమిటి? అది వచ్చిన ఏడాది యంత్రం డిసెంబరు దాకా నడిచింది, నిజమే. అయితే బంగాళాఖాతంలో పెద్ద తుఫానులు ఎక్కువగా వచ్చేవి అక్టోబరు, నవంబరుల్లో. ఎల్‌హెచ్‌సీ మామూలు ఏడాదిలో నడిచేది వసంతం నుంచి శీతాకాలం ముందు దాకా. అక్కడ చలికాలంలో కరెంటు ఖరీదు, అందుకే అప్పుడు ఆపి మరమ్మతులు చేసుకుంటారు. రెండు సీజన్లూ అక్టోబరులో కలుస్తాయి. దసరా సెలవులూ అప్పుడే వస్తాయి, వాటివల్ల తుఫాను వచ్చిందని ఎవరూ అనరు కదా.

శక్తి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పూర్తి వేగంలో ఒక వైపు తిరిగే ప్రోటాన్ల పుంజం మొత్తం శక్తి సుమారు 360 మెగాజౌళ్లు. మన కరెంటు బిల్లు లెక్కలో అది 100 యూనిట్లు. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక్క మిల్లీమీటరు వాన పడాలంటే 1,000 టన్నుల ఆవిరి నీరుగా మారాలి. అలా మారేటప్పుడు బయటపడే వేడి దాదాపు 7 లక్షల యూనిట్లు. తుఫానుకు బలం ఆ వేడి నుంచే వస్తుంది. దానికి 26.5 డిగ్రీలకు పైబడిన సముద్రపు నీరు కావాలి, ప్రోటాన్లతో పని లేదు. పుంజం సంగతి పక్కనపెట్టి సెర్న్ మొత్తం వాడకమే తీసుకోండి. అయస్కాంతాలను చల్లబరిచే ఖర్చుతో సహా ఏడాదికి సుమారు 130 కోట్ల యూనిట్లు. నాలుగు వేల పైచిలుకు చదరపు కిలోమీటర్ల గజపతి జిల్లా మీద అర మిల్లీమీటరు వాన కురిస్తే విడుదలయ్యే వేడికి కూడా అది సాటిరాదు.

"భూకంపాలు పుట్టిస్తోంది."

ఇక్కడ సంగతి తలకిందులుగా ఉంది. భూమి కదలికలే యంత్రాన్ని ఇబ్బంది పెడతాయి. అదే సొరంగంలో ఇంతకుముందు నడిచిన కొలైడర్‌లో పుంజం శక్తి రోజూ కొద్దిగా మారుతుంటే కారణం వెతికారు. చంద్రుడి ఆకర్షణకు సముద్రం పొంగినట్టే నేల కూడా కొద్దిగా ఉబ్బుతుంది. దాంతో 27 కిలోమీటర్ల వలయం చుట్టుకొలత సుమారు 1 మిల్లీమీటరు మారుతోందని 1990ల మొదట్లో తేల్చారు. పక్కన వెళ్లే రైళ్ల నుంచి నేలలోకి కారే కరెంటు కూడా కొలతల్లో కనిపించింది. అంత సున్నితమైన పరికరం అది.

"కృష్ణబిలం పుట్టి భూమిని మింగుతుంది."

కృష్ణబిలం అంటే వెలుగును కూడా బయటికి పోనివ్వనంత గురుత్వాకర్షణ ఉన్న చోటు. సందేశంలో జనాన్ని ఎక్కువగా భయపెట్టే మాట ఇది. భౌతికశాస్త్రవేత్తలు జనంతో మాట్లాడేటప్పుడు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. "అవకాశం సున్నా అని చెప్పలేం" అన్న ల్యాబు అలవాటు మాట బయట "అవకాశం ఉంది" అని వినిపిస్తుంది. కాబట్టి మేము కొలతలతో చెబుతాం.

రెండు ప్రోటాన్లు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు 2022 జూలై 5 నుంచి వస్తున్న శక్తి 13.6 టెరా ఎలక్ట్రాన్‌వోల్టులు. ఒక టెరా ఎలక్ట్రాన్‌వోల్టు అంటే ఎగిరే దోమకు ఉండే చలనశక్తి. పద్నాలుగు దోమల శక్తి అన్నమాట. విశేషమంతా ఆ కాస్త శక్తీ ఒక ప్రోటానంత చోటులో ఇమడడంలో ఉంది. "అతి పెద్ద శక్తి" అని పత్రికలు రాసేది ఈ సాంద్రత గురించి. మొత్తం శక్తి చాలా తక్కువ. పుంజంలోని ప్రోటాన్లన్నీ కలిపి తూచినా గ్రాములో వంద కోట్లవ వంతుకు రావు.

మనకు తెలిసిన గురుత్వ సిద్ధాంతం ప్రకారం ఢీకొన్న కణాల నుంచి కృష్ణబిలం పుట్టాలంటే ఎల్‌హెచ్‌సీ శక్తికి దాదాపు 10 కోట్ల కోట్ల రెట్లు కావాలి. మనకు కనిపించని అదనపు పరిమాణాలు ఉంటే తక్కువ శక్తిలోనూ పుట్టవచ్చని కొన్ని ఊహలు ఉన్నాయి. ఫార్వర్డు పట్టుకున్నది ఆ ఊహనే. కానీ స్టీఫెన్ హాకింగ్ 1974లో చూపిన లెక్క ప్రకారం అంత చిన్నవి పుట్టిన క్షణంలోనే ఆవిరైపోతాయి, ఆ చిందులు డిటెక్టర్లలో కనిపించాలి. ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు వాటికోసం వెతికాయి. ఒక్కటీ దొరకలేదు.

హాకింగ్ లెక్కే తప్పయితే? అప్పుడు ఆకాశం వైపు చూడాలి. విశ్వకిరణాల్లో, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల్లో, ప్రోటాను ఒకటి లక్ష టెరా ఎలక్ట్రాన్‌వోల్టులతో మన గాలిలో దాదాపు నిలిచి ఉన్న కణాన్ని తాకితే అది ఎల్‌హెచ్‌సీలో జరిగే ఢీతో సమానం. భూమి పుట్టినప్పటి నుంచి ఇలా జరిగినవి లక్ష ఎల్‌హెచ్‌సీల మొత్తం ప్రయోగాలకు సమానమని సెర్న్ 2008 భద్రతా నివేదిక లెక్కకట్టింది. మహేంద్రగిరి మీదా, చిలికా మీదా అవి రాలుతూనే ఉన్నాయి. భూమి ఉంది.

దీనికి తెలివైన ఎదురుప్రశ్న ఒకటి ఉంది. ఆకాశం నుంచి వచ్చే కణం వేగంగా వస్తుంది, దాని ఢీలో పుట్టిన బిలం కూడా భూమిని దాటి దూసుకుపోతుంది. ఎల్‌హెచ్‌సీలో రెండూ ఎదురెదురుగా వస్తాయి కనుక పుట్టినది నెమ్మదిగా ఉండి ఇక్కడే చిక్కుకోవచ్చు కదా? న్యాయమైన ప్రశ్న. భౌతికశాస్త్రవేత్తలు స్టీవెన్ గిడింగ్స్, మికెలాంజెలో మంగానో 2008లో దీనికే జవాబు రాశారు. శ్వేత కుబ్జ తారలు, న్యూట్రాన్ తారలు ఎంత చిక్కనివంటే దూసుకొచ్చే బిలాన్ని కూడా ఆపేస్తాయి. వాటినీ విశ్వకిరణాలు తాకుతూనే ఉన్నాయి. అలాంటి ప్రమాదం నిజమైతే ఆ తారలు ఎప్పుడో పోయేవి. వందల కోట్ల ఏళ్లుగా అలాగే ఉన్నాయి.

యంత్రానికి అసలు ప్రమాదాలు లేవని కాదు. ఉన్నాయి, అవి యంత్రానికే. 2008 సెప్టెంబరు 19న రెండు అయస్కాంతాల మధ్య ఒక అతుకు సరిగా కుదరక వేడెక్కింది. సుమారు 9 వేల ఆంపియర్లు పారుతున్న చోట నిరోధం నానో ఓముల్లో పెరిగినా చాలు, అతిప్రసరణ, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే గుణం, పోతుంది. అక్కడ మెరుపు లేచి హీలియం గొట్టం చిల్లుపడింది. మైనస్ 271 డిగ్రీల హీలియం ఒక్కసారిగా ఆవిరై టన్నుల బరువుండే అయస్కాంతాలను పక్కకు నెట్టింది. దాదాపు 6 టన్నుల హీలియం పోయింది, 53 అయస్కాంతాలను పైకి తీయాల్సి వచ్చింది, ఏడాది పైగా పని ఆగింది. సెర్న్ ఈ ప్రమాద వివరాలన్నీ ప్రచురించింది. పుంజం దారి తప్పినా తీరు ఇంతే. సెకనుకు 11,245 చుట్లు తిరిగే పుంజాన్ని మూడు చుట్లలోపే పక్కకు మళ్లించి దాదాపు 8 మీటర్ల గ్రాఫైటు దిమ్మెలో దింపేస్తారు. దిమ్మె వేడెక్కుతుంది, అంతే.

"దైవకణం దొరికింది."

2012 జూలై 4న ప్రకటించింది హిగ్స్ బోసాన్. 1964లో ఊహించిన కణం అది, ఇతర మూలకణాలకు ద్రవ్యరాశి ఎలా వచ్చిందో చెప్పే సిద్ధాంతంలో తప్పిపోయిన ముక్క. పుట్టిన వెంటనే విరిగిపోతుంది. దైవం పేరు 1993లో భౌతికశాస్త్రవేత్త లియోన్ లెడర్‌మన్ తన పుస్తకానికి పెట్టిన శీర్షిక నుంచి వచ్చింది, చాలామంది శాస్త్రవేత్తలకు ఆ పేరు నచ్చదు. మన తెలుగు పత్రికలు ఆ మాట వదిలేసి హిగ్స్ కణం అని రాస్తే సగం గందరగోళం తీరుతుంది. బోసాన్ అన్న మాటలో ఉన్నది మన సత్యేంద్రనాథ్ బోస్ పేరు.

"నటరాజ విగ్రహం, తలుపు."

2 మీటర్ల ఆ కంచు విగ్రహం భారత ప్రభుత్వం ఇచ్చిన కానుక. 2004 జూన్ 18న ఆవిష్కరించారు, యంత్రం మొదలవడానికి నాలుగేళ్ల ముందే. 2016లో దాని ముందు నరబలి జరుగుతున్నట్టు తిరిగిన వీడియో లోపలికి వెళ్లగలిగిన కొందరు ఆడిన నాటకం. సెర్న్ దాన్ని ఖండించి విచారణ చేసింది.

"శాస్త్రవేత్తలు దాచిపెడుతున్నారు."

దాచేవాళ్లలో మనవాళ్లూ ఉండాలి మరి. ఎల్‌హెచ్‌సీలోని ఆలిస్ ప్రయోగంలో ఫోటాన్లను (కాంతి కణాలను) లెక్కపెట్టే డిటెక్టరు కట్టినవాటిలో భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఒకటి. జట్నీలోని నైసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ వాళ్లూ సెర్న్ ప్రయోగాల్లో ఉన్నారు. సీఎంఎస్ మొదలైన ప్రయోగాల డేటా 2014 నుంచి అందరికీ ఉచితంగా దొరుకుతోంది.

విశ్వకిరణాలను చూడాలంటే సెర్న్ దాకా వెళ్లక్కర్లేదు. మీ అరచేతిలోంచి ఇప్పుడు కూడా సెకనుకు ఒకటి రెండు మ్యూయాన్లు, అంటే విశ్వకిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టే కణాలు, దాటుతున్నాయి. కాలేజీలో చూపించాలంటే 25 సెంటీమీటర్ల గాజు తొట్టి, దాని అడుగున అంటించడానికి మందపాటి ఫెల్టు గుడ్డ, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నల్లరంగు వేసిన లోహపు పళ్లెం, 3 కిలోల డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్), టార్చిలైటు కావాలి. గుడ్డను ఆ ఆల్కహాల్‌తో తడిపి తొట్టిని పళ్లెం మీద బోర్లించండి, పళ్లెం కింద డ్రై ఐస్ ఉంచండి, టార్చి పక్క నుంచి వేయండి. పది పదిహేను నిమిషాలకు అడుగున సన్నని తెల్ల చారలు మొదలవుతాయి. తిన్నగా పొడవుగా ఉన్నవి ఎక్కువగా మ్యూయాన్లు, పొట్టిగా లావుగా ఉన్నవి గాలిలోని రేడాన్ వదిలే ఆల్ఫా కణాలు. చారలు రాకపోతే మూడు కారణాలు చూడండి. 70 శాతం శానిటైజర్ వాడి ఉంటారు, అందులోని నీరు పనిని చెడగొడుతుంది. అంచుల్లో గాలి చొరబడుతూ ఉంటుంది, మైనపు బంకమట్టితో మూయాలి. లేదా డ్రై ఐస్ ముక్కలుగా ఉండి పళ్లేనికి సరిగా తగలదు, పొడి చేసి పరచాలి. చేతికి తొడుగులు ఉండాలి, కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మామూలు ఐసుతో ఇది జరగదు.

యంత్రం ఏ రోజు నడుస్తోందో కూడా ఎవరైనా చూడొచ్చు. ఎల్‌హెచ్‌సీ పేజ్ 1 అనే తెర ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉంటుంది. "స్టేబుల్ బీమ్స్" అని కనిపిస్తే ఢీలు జరుగుతున్నట్టు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు దాన్నీ వాతావరణ శాఖ బులెటిన్‌నూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. సెర్న్ ప్రకటించిన ప్రణాళిక ప్రకారం 2026 మధ్యలో యంత్రం మూడో దీర్ఘ విరామానికి ఆగి 2030లో తిరిగి మొదలవుతుంది. మధ్యలో నాలుగు అక్టోబరులు వస్తాయి. ఆ నాలుగింటిలోనూ బంగాళాఖాతం నీరు 26.5 డిగ్రీలు దాటే ఉంటుంది, తాటిచెట్లు కూలితే ఎత్తడానికి రంపాలూ, రెండు రోజులకు సరిపడా నీళ్లూ అప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాల్సిందే.